వీధివైపు తలుపు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పిన్ని ఫోటో పెట్టి, కింద హిందీలో నాలుగు లైన్లు రాశారు. రిటైర్మెంటు డబ్బంతా పోసి పరాయివాళ్ళకి గది కట్టించి ఇచ్చిన త్యాగమూర్తి అట. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. పదో రోజు భోజనాల దగ్గర కూడా అదే మాట. నేను పప్పు వడ్డిస్తుంటే ఒకావిడ పక్కావిడతో, "ఎంత మనసమ్మా, ఈ రోజుల్లో ఎవరిస్తారు అలాగ," అంది. గరిటె పట్టుకుని అక్కడే నిలబడి, "ఇవ్వలేదండీ, కొనుక్కుంది," అన్నాను. ఆవిడ నా మొహం చూసి విస్తరిలోకి తల దించుకుంది. పదో రోజున కూడా వాదనకి దిగే మనిషినని ఇంకొంచెం పేరొచ్చింది, అంతే.

ఇంకో కథ కూడా తిరుగుతోంది. అది నా ముందు చెప్పరు. దిక్కులేని ముసలమ్మ డబ్బు మింగేసి, ఆవిణ్ణి బయటికి సాగనంపామని. రెండూ తప్పే. కానీ రెండోది చెప్పేవాళ్ళ మీద నాకంత కోపం లేదు. మొదటిది వింటేనే ఒళ్ళు మండుతుంది. ఆమె త్యాగం చెయ్యలేదు. తనకో గది కావాలని, ఆ గదికి తలుపు ఎటువైపు ఉండాలో కూడా చెప్పి మరీ డబ్బిచ్చింది. గది కట్టాం. ఆ తలుపు పెట్టలేదు.

పిన్ని అంటాను కానీ ఆమె నాకు చుట్టమేమీ కాదు. మా నాన్న లోకో షెడ్డులో పనిచేసే రోజుల్లో మా క్వార్టరుకీ వాళ్ళ క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ రైల్వేలో కుదురుకున్న మా ఇళ్ళన్నిటిలో ఇదే పద్ధతి. గోడ అవతలివాళ్ళని పేరు పెట్టి పిలవం, వరస పెట్టి పిలుస్తాం. ఆమె భర్త గ్యాంగ్‌మన్. డ్యూటీలో ఉండగా పట్టాల మీదే పోయాడు. నేనప్పుడు ఆరో తరగతి. ఆయన బదులుగా ఆమెకి ఉద్యోగం ఇచ్చారు, స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో. తుడవడం, టిక్కెట్లు చూడటం, పాలిచ్చే తల్లులకి గాలి తగిలే మూల చూపించడం, బండి లేటని ఏడ్చేవాళ్ళతో కబుర్లు చెప్పడం. ముప్పై ఏళ్ళకి పైగా ఆ ఒక్క గదిలోనే. పిల్లల్లేరు. అప్పుడప్పుడూ డబ్బు కోసం మాత్రం వచ్చే మేనల్లుడు ఒకడున్నాడు.

మాది ఉస్లాపూర్ స్టేషన్ దాటాక లోపలికి. రెండు గదులు, వంటిల్లు. ఇంటి ముఖం తూర్పుకి. దక్షిణం పక్కన ఒక గదికి సరిపడా ఖాళీ జాగా, దాన్ని ఆనుకుని సన్నటి వీధి. మా అమ్మాయి వంటింట్లో గ్యాస్ బండ పక్కన చాప వేసుకుని చదువుకునేది. ఏదో ధైర్యం చేసి ఆ ఖాళీ జాగాలో పునాదులు తవ్వించాను. ధైర్యం అక్కడితో అయిపోయింది.

చేతిలో పైసా లేకుండా గది ఎలా కట్టాలన్న విషయం నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఏ దారి ఎక్కడ మూసుకుపోతుందో అన్నీ తిరిగి చూశాను కాబట్టి. ముందు బ్యాంకు. మా జాగా నోటరీ కాగితం మీద కొన్నది, రిజిస్ట్రీ లేదు, సర్కారు లెక్కలో అది ఇంకా పొలమే. ఆఫీసరు నా కాగితాలు రెండు వేళ్ళతో తిప్పి, "మేడమ్, యే తో ఖేత్ హై," అన్నాడు. ఆ పొలంలోనే పదిహేనేళ్ళుగా కాపురం ఉంటున్నాం, కరెంటు బిల్లు కూడా కడుతున్నాం అన్నాను. ఆయన నవ్వాడు, లోను మాత్రం ఇవ్వలేదు. సదర్ బజార్లో బంగారం పెట్టి తెచ్చుకుందామంటే నా గాజులు ఎప్పుడో పిల్ల ఫీజు కోసం అక్కడికే వెళ్ళి కూర్చున్నాయి. ఇక్కడ కమిటీ అంటారు, మన చీటీయే, అందులో నా వంతు పాడేసుకుని వాడేశాను. ఇక మిగిలింది ఆడవాళ్ళ గ్రూపు లోను. ఒకామె వాయిదా కట్టకపోతే మిగతావాళ్ళంతా వెళ్ళి ఆమె గుమ్మంలో కూర్చోవాలి. నీ నోటికి సరిగ్గా సరిపోయే పని అన్నాడు మా ఆయన. ఆయనది బొగ్గు లారీల ఆఫీసులో బిల్లులు రాసే పని. కాంట్రాక్టు. పీఎఫ్ అన్న మాట వాళ్ళ ఆఫీసులో ఎవరూ ఎత్తరు.

వాన నీళ్ళు నిలిచిన ఆ పునాదుల దగ్గరే పిన్ని ఒక మధ్యాహ్నం వచ్చి నిలబడింది. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతుందనగా.

"ఏటే, గది కడతానని గోతులు తవ్వి వొదిలీసినావు. కప్పలు కాపరం ఎట్టీసినాయి."

"వాటి దగ్గర అద్దె వసూలు చేస్తున్నాను పిన్నీ."

"వాటికిచ్చిన గది నాకియ్యి మరి."

వేళాకోళం అనుకున్నాను. పిన్ని లోపలికొచ్చి చాప మీద కూర్చుని, టీ గ్లాసు చీరచెంగుతో పట్టుకుని, విషయం అంతా ఆలోచించుకునే వచ్చినదానిలా చెప్పింది. ఆమె డబ్బుతో గది, దాన్ని ఆనుకుని బాత్రూము. పిల్ల బల్ల ఒక మూల వేసుకుని చదువుకోవచ్చు. "నానున్నన్నాళ్ళు నాది. పోయేక మీది. బతికుండగా తోసీకూడదు. అచ్ఛా, ఇంకొకటి, ఈదివైపు తలుపొకటి ఎట్టించాలి."

"అలాగే పిన్నీ," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ నా నోట పెట్టలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "ఒక స్టాంపు కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మంచిది కదా," అన్నాడు. నేను గయ్‌మన్నాను. పిన్నితో కాగితాలేమిటి, వరస పెట్టి పిలిచేవాళ్ళతో స్టాంపులు గుద్దించుకుంటామా అని. పిన్ని మొహం వెలిగింది. మా క్వార్టర్ల లైన్లో ఎవరైనా కాగితం మాట ఎత్తితే తిట్టినట్టే లెక్క. ఇంటికి ఇల్లు అప్పగించుకున్నవాళ్ళున్నారు, పిల్లల్ని పెంచి ఇచ్చినవాళ్ళున్నారు, ఒక్క అక్షరం రాసుకోకుండా. ఆమె దానికే మురిసింది. కానీ నేను బీకాం చదివినదాన్ని. కాగితం దేనికి పనికొస్తుందో, లేకపోతే ఎవరికి లాభమో నాకు తెలుసు.

ఇక్కడ రైల్వేవాళ్ళకి మాత్రమే పడే ముడి ఒకటుంది. రిటైరైనప్పుడు పీఎఫ్ చేతికొస్తుంది. గ్రాట్యుటీ మాత్రం క్వార్టరు ఖాళీ చేసి, అప్పగించిన కాగితం చూపిస్తేనే. పిన్ని పీఎఫ్‌లో సగానికి పైగా మేనల్లుడు ముందే లాగేశాడు. మిగిలినదానితో గోడలు లేస్తాయి. స్లాబు పడాలంటే గ్రాట్యుటీ రావాలి. గ్రాట్యుటీ రావాలంటే క్వార్టరు వదలాలి. క్వార్టరు వదిలితే ఉండటానికి గది ఉండాలి, దానికి ఇంకా స్లాబు పడలేదు. పిన్ని ఈ లెక్క నాకు వేళ్ళ మీద చెప్పి, "మీ హాల్లో పడుంటాను, ఎన్నాళ్ళేటి," అంది.

అప్పగించే రోజు నేనూ వెళ్ళాను. వచ్చినతను బల్బు హోల్డర్లు, కుళాయిలు, కిటికీ రెక్కలు లెక్క చూసుకుని సంతకం పెట్టాడు. పిన్ని తలుపు దగ్గరికి లాగి, తాళం వేసి, మామూలుగా డ్యూటీకి వెళ్ళేటప్పుడు చేసినట్టే రెండుసార్లు లాగి చూసింది. తర్వాత తాళంచెవి అతని చేతిలో పెట్టింది. ఆటోలో ట్రంకుపెట్టె, స్టవ్వు, ఒక పరుపు చుట్ట. దారంతా నేనే ఏదేదో మాట్లాడాను.

తలుపు సంగతి ఆ మర్నాడు ఎత్తాను. ముందు రోజు, క్వార్టరు తాళంచెవి ఇంకా ఆమె చేతిలో ఉండగా కాదు. ఈ ఒక్క ముక్క రాయడానికే ఇదంతా రాస్తున్నానేమో.

మిస్త్రీ ఇక్కడి మనిషి. పిన్నిని దాయీ అనేవాడు, అమ్మ అని. ఆమె చెప్పినట్టు వీధివైపు గోడలో తలుపుకి సందు వదిలి ఇటుక పేర్చుకుంటూ వచ్చాడు. నేను వెళ్ళి, "ఇధర్ దర్వాజా నహీ, బంద్ కరో," అన్నాను, ఇటు తలుపు వద్దు, మూసెయ్యమని.

"దాయీ తో ఇధరే బోలీ హై," అన్నాడు తాపీ ఆపి.

మాటలు విని పిన్ని హాల్లోంచి వచ్చింది. "ఏటయ్యింది?"

"దుమ్ము పిన్నీ. దొంగల భయం. లోపల్నుంచి తలుపుందిగా."

"అది మీ ఇంటి తలుపే. గదికి తలుపుండొద్దేటి?"

"ఒకే ఇల్లు కదా. మీది మాది అంటావేం?"

"అననేదు. తలుపెట్టమన్నాను."

నా మనసులో ఉన్నది మేనల్లుడు. వీధివైపు వేరే తలుపుంటే, రేపు వాడొచ్చి ఇది మా అత్త వాటా అని తాళం వేసుకుంటే, నోటరీ జాగాలో నేను ఏ కోర్టుకి వెళ్ళను? ఆ మాట పైకి చెప్పలేను. చెబితే నమ్మడం లేదన్నట్టు. కాగితం వద్దన్నది నేనే అయ్యె. అందుకని చేతికందిన రాయి తీశాను. "అది దక్షిణం పిన్నీ. దక్షిణం వాకిలి అరిష్టం. యముడి దిక్కు."

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. ఈ కాలనీలో వాస్తు పేరెత్తిన ప్రతివాళ్ళనీ వెక్కిరించాను.

పిన్ని నవ్వింది. "ఒలమ్మా, చదువుకున్నదానివి. ముప్పై యేళ్ళు దచ్చినం వాకిలి కోర్టర్లోనే ఉన్నాను కదే. నాకేటయ్యింది?"

"నీకేం కాలేదు. అయింది బాబాయికి కదా," అన్నాను.

మిస్త్రీకి తెలుగు రాదు, అయినా తలెత్తి చూశాడు. లోపల మా ఆయన టీవీ కట్టేశాడు. పిన్ని నన్ను కాదు, ఆ సందుని చూసింది. తర్వాత, "మూసీమను," అని మిస్త్రీకి చెప్పమన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది. వాదనలో గెలిచినప్పుడు నాకు తృప్తిగా ఉంటుంది, దాచుకోను. ఆ సాయంత్రం సందు సగం మూసుకుపోయేసరికి తృప్తిగానే ఉంది.

గ్రాట్యుటీ వచ్చింది. తలుపు మాట ఎప్పుడూ జరగనట్టే తెచ్చి నా చేతిలో పెట్టింది. స్లాబు పడింది. ఆమె ట్రంకుపెట్టె గదిలోకి వెళ్ళింది, పిల్ల బల్ల మూల వేశాం. వీధివైపు ఒక కిటికీ పెట్టించాను. చాలు అనుకున్నాను.

రెండేళ్ళు ఉంది ఆ గదిలో. గొడవలేమీ లేవు. గొడవ పడాలంటే రెండో మనిషి కూడా నోరు విప్పాలి కదా. పొద్దున్నే స్టేషన్ వైపు నడకకి వెళ్ళేది. వెళ్ళేటప్పుడు మా హాల్లో నిలబడి, "తలుపేసుకోమ్మా," అని చెప్పి మరీ కదిలేది. స్టేషన్లో ఆమెతో పనిచేసినవాళ్ళు మొదట్లో ఇద్దరు ముగ్గురు వచ్చారు. బనీనుతో మంచం మీద పడుకున్న మా ఆయన్ని దాటుకుని, నా వంటింటి గుమ్మం దాటుకుని ఆ గదిలోకి వెళ్ళాలి. మళ్ళీ రాలేదు. వాళ్ళు కిటికీ బయట వీధిలో నిలబడి మాట్లాడి వెళ్ళేవాళ్ళు. ఊచల్లోంచి పిన్ని టీ గ్లాసులు అందించేది.

ఒకరోజు మా అమ్మాయి, "అమ్మా, నానీ అందర్ సే నాక్ క్యోఁ కర్తీ హై?" అంది. అమ్మమ్మ లోపల్నుంచి తలుపెందుకు తడుతుందని. నాకర్థం కాలేదు. ఆ రోజు నుంచి గమనించాను. నిజమే. పిన్ని తన గదిలోంచి మా హాల్లోకి వచ్చే ముందు తలుపు మీద రెండుసార్లు వేళ్ళతో తట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు బయటికి వచ్చేది. వెయిటింగ్ రూములో ముప్పై ఏళ్ళు తలుపు తోసుకుని వచ్చేవాళ్ళని చూసిన మనిషి. అలా చెయ్యొద్దని చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు. నాకు, మాట ఎలా చెప్పాలో తెలియకపోవడం.

తర్వాత ఒక వారం బిల్హా వెళ్ళొస్తానంది. స్టేషన్లో తనతో పనిచేసిన ఒకామె అక్కడ ఉంటోందట. చిన్న సంచీతో లోకల్ ఎక్కింది. వారం నెలైంది. ఫోను చేస్తే, "ఇక్కడే ఒక రూము తీసుకున్నానే. పింఛనొస్తంది కదా, సరిపోతంది," అంది. ట్రంకుపెట్టె కోసం కూడా రాలేదు.

నేనే తీసుకెళ్ళాను. రైసు మిల్లు వెనక ఒక లైను ఇళ్ళు, దానికి ఎదురుగా ఇంకో లైను, మధ్యలో దారి. రేకుల కప్పు, ఒక్క గది. తలుపు నేరుగా దారిలోకి. బార్లా తీసి ఉంది. నేను కూర్చున్న గంటలో మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు లోపలికి వచ్చారు. ఒకామె నీళ్ళు తాగింది, ఒకామె పసివాణ్ణి పిన్ని మంచం మీద పడుకోబెట్టి వెళ్ళింది. ఎవరూ తట్టలేదు. పిన్ని వాళ్ళకి నన్ను, "మా పిల్లే," అని పరిచయం చేసింది.

"నెలనెలా కొంచెం కొంచెంగా నీ డబ్బు తిరిగిచ్చేస్తాను పిన్నీ," అన్నాను.

"ఏటిస్తావు, కప్పల అద్దేనా?" అని నవ్వింది. "ఉంచుకో. గది కట్టించుకున్నాను కదా, రెండేళ్ళున్నాను. పిల్ల చదువుకుంటందా?"

"చదువుకుంటోంది."

"అంతే మరి."

తలుపు గురించి అడగాలనే వెళ్ళాను. క్షమించమని కాదు, అంత మంచిదాన్ని కాను. ఎందుకు అంత పట్టుబట్టావని అడుగుదామని. పసివాడు లేచి ఏడుస్తున్నాడు, ఆమె వాణ్ణి ఎత్తుకుని దారిలోకి వెళ్ళింది. నా బండి వేళైంది.

మళ్ళీ వెళ్ళింది ఏడాది తర్వాత, ఆమె పోయిందని ఆ స్నేహితురాలు ఫోను చేసినప్పుడు. రెండు రోజులు జ్వరం, మూడో రోజు పొద్దున్నే లేవలేదు. ఆ రెండు రోజులూ ఇరుగుపొరుగు వస్తూ పోతూనే ఉన్నారట. కర్మ మా ఆయన చేశాడు. ఏ మేనల్లుడి భయంతో నేను సందు మూయించానో వాడికి కబురు పంపితే సెలవు దొరకదన్నాడు. గది గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఆ గది ఉందని వాడికి తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

అన్నీ అయ్యాక ట్రంకుపెట్టె తెచ్చుకోవడానికి మళ్ళీ బిల్హా వెళ్ళి ఆ గుమ్మంలో కూర్చున్నాను. సాయంత్రం ఎండ నా ఎడమచేతి వైపు నుంచి పడుతోంది. అప్పుడు చూసుకున్నాను, ఆ వాకిలి ఉత్తరానికి. ఎదుటి లైను గదులన్నీ దక్షిణం వాకిళ్ళు. కొంచెం పెద్దవి. వాటిలో రెండు ఖాళీగా, తాళాలు వేసి ఉన్నాయి. ఇంటాయన్ని అడిగాను, పిన్ని వచ్చినప్పుడు కూడా అవి ఖాళీయేనా అని. ఖాళీయే, అద్దె కూడా అంతే, దాయీకి రెండు వైపులవీ చూపించాను అన్నాడు.

"మరి ఇదెందుకు తీసుకుంది?"

"హమ్ క్యా జానేఁ, దీదీ. దోనో దేఖీ, యే లే లీ." రెండూ చూసిందట, ఇది తీసుకుందట, అంతే.

బోరింగు ఈ లైనుకి దగ్గర. స్నేహితురాలు కూడా ఇటువైపే. ఆ కారణాలు చాలు, ఇంకెవరికైనా. ఊళ్ళోవాళ్ళు త్యాగమనుకోనీ, మోసమనుకోనీ, వాటికి నేను జవాబు చెప్పుకోగలను. చెప్పుకోలేనిది ఒక్కటే ఉంది, అది అడగడానికి మనిషి లేదు. నేను నమ్మని మాట, వాదన గెలవడానికి నోటికొచ్చిన మాట, ఆమె నమ్మిందా? ముప్పై ఏళ్ళు రోజూ తనే తీసి తనే వేసిన ఆ క్వార్టరు తలుపే మొగుణ్ణి పొట్టనపెట్టుకుందని అనుకుంటూనే పోయిందా?